ఆరడుగుల తాడు

రండి, కూర్చోండి. కాఫీ అక్కడే ఉంది, పంచదార మీకు కావాల్సినంత వేసుకోండి. మీ కాళ్ళ దగ్గర వాసన చూస్తున్నది బెల్లం. భయపడకండి, ఏమీ అనదు. మీ చేతిలో బిస్కెట్టు ఉన్నంతసేపూ మీకంటే ఆప్తులు దానికి ఈ లోకంలో లేరు, అంతే. రంగు చూసి మా చిన్నది పెట్టిన పేరది. జాతేమిటని అడక్కండి. కొంత లాబ్రడార్, మిగతాది దేవుడికే తెలియాలి.

దీన్ని వెంటబెట్టుకుని అడవికి వెళ్ళే కబుర్లు ఇవాళ చెప్తాను.

అమెరికాలో కుక్కతో అడవికి బయల్దేరేవాళ్ళు దారి సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు బోర్డు చదువుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చిన ప్రతి తెలుగు కుటుంబమూ చూసొచ్చే మ్యూర్ వుడ్స్ ఉంది కదా, ఆకాశానికి నిచ్చెనేసినట్టుండే రెడ్‌వుడ్ చెట్ల చోటు, అక్కడ పెంపుడు కుక్కలకి ప్రవేశం లేదు. నేషనల్ పార్కుల్లో చాలావాటిలో కాలిబాటల మీద కుక్క కనిపించకూడదు. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లోనూ ఎక్కువచోట్ల అదే వరస. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు ఇంద్రుడు గుర్తొస్తాడు. మహాప్రస్థానంలో ద్రౌపదీ తమ్ముళ్ళూ ఒక్కొక్కళ్ళే దారిలో పడిపోయాక ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది ఓ కుక్క. తీరా రథం వచ్చి గుమ్మంలో ఆగాక, కుక్కకి స్వర్గంలో చోటు లేదన్నాడు ఇంద్రుడు. అయితే నాకూ వద్దన్నాడు ధర్మరాజు. మా ఇంట్లో కూడా అదే తీర్మానమైంది. మ్యూర్ వుడ్స్ చుట్టాలొచ్చినప్పుడు చూపించడానికి. మామూలు రోజుల్లో మేం ఓక్లాండ్ కొండల్లోకి వెళ్తాం.

ఓక్లాండ్ ఊరికి వెనకాలే, కార్లో అరగంట కూడా పట్టదు, రెడ్‌వుడ్ రీజనల్ పార్కని ఉంది. దాదాపు 1,830 ఎకరాలు. ఇప్పుడు దానికి ఆరీలియా రైన్‌హార్ట్ పేరు కూడా చేర్చారు. ఆవిడ ఓక్లాండ్‌లోని మిల్స్ కాలేజీకి చాలా ఏళ్ళు అధ్యక్షురాలు, ఈ పార్కుని నడిపే సంస్థ మొట్టమొదటి బోర్డులో సభ్యురాలు. ఆ సంస్థ పుట్టిన కథ నాకు భలే ఇష్టం. 1934. మహా మాంద్యం. ఉద్యోగాల్లేవు, బ్యాంకులు మూతబడ్డాయి, జనం రొట్టె కోసం వరసలో నిలబడే రోజులు. అలాంటి రోజుల్లో ఇక్కడి వాళ్ళు ఓటేసి మరీ, మా మీద ఇంకో పన్ను వెయ్యండి, ఈ కొండలు మాత్రం అందరికీ ఉండాలి అన్నారు. ఈ పార్కు 1939లో తెరిచారు. ఆ పన్ను కట్టిన వాళ్ళలో ఎవరి పేరూ నాకు తెలీదు కానీ, నీడలోకి అడుగు పెట్టినప్పుడల్లా మనసులో ఓ దండం పెడతాను.

మేముండే కాస్ట్రో వ్యాలీ నుంచి రెడ్‌వుడ్ రోడ్డనే మెలికల దారి తిన్నగా అక్కడికే పోతుంది. ఒక మలుపు దాకా బెల్లం వెనక సీట్లో గుర్రుపెట్టి నిద్రపోతుంది. ఆ మలుపు తిరిగామా, లేచి కూర్చుని కిటికీకి ముక్కానించి సన్నగా రాగం మొదలెడుతుంది. ఏ ఆనవాలు పట్టుకుంటుందో మరి! అద్దాలు మూసే ఉంటాయి.

కారు ఆపేచోటు నుంచి వాగు పక్కనే వెళ్ళే దారి పేరు స్ట్రీమ్ ట్రైల్. మొదట కొంతదూరం తారు దారి. పిల్లల బళ్ళు, చక్రాల కుర్చీలు, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళు, అందరూ నడవచ్చు. తర్వాత మట్టిదారి. రెండు పక్కలా కొండ, మధ్యలో సన్నని లోయ, అడుగున రెడ్‌వుడ్ క్రీక్ అనే వాగు. వాగంటే మన గుండ్లకమ్మనో మున్నేరునో ఊహించుకోకండి. చాలాచోట్ల ఒక్క గెంతులో దాటేయొచ్చు. కానీ గెంతకూడదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు నీడ సంగతి. నాకు నీడంటే సుఖం, బెల్లానికి అవసరం. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాలి మెత్తల్లో కాస్త పడుతుంది, అదేమూలకీ చాలదు. ఒంట్లో వేడంతా నాలుక వేలాడేసి రొప్పుతూ బయటికి పంపాల్సిందే. పైగా అది బొచ్చుకోటు వేసుకుని, చెప్పుల్లేకుండా నడిచే ప్రాణి. ఈ పార్కులోనే పైన ఈస్ట్ రిడ్జ్, వెస్ట్ రిడ్జ్ అని కొండ శిఖరాల మీదుగా పోయే దారులున్నాయి. దృశ్యాలు బ్రహ్మాండం, ఫోటోలకి బాగుంటాయి. జూలైలో మధ్యాహ్నం పూట అక్కడికి కుక్కని లాక్కెళ్ళే వాళ్ళని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఎండే కాదు, ఎండిన గడ్డితో కూడా చిక్కే. ఫాక్స్‌టెయిల్ అంటారు ఇక్కడ. దాని గింజకి ముల్లుంటుంది, ముల్లుకి వెనక్కి వంగిన నూగుంటుంది. కుక్క కాలివేళ్ళ మధ్యనో చెవిలోనో ముక్కులోనో దూరిందంటే ముందుకే పోతుంది గానీ వెనక్కి రాదు. పశువుల డాక్టరు మత్తిచ్చి తియ్యాల్సిందే, బిల్లు చూశాక మనకీ మత్తు కావాలి. వాగు పక్క తడి నీడలో ఆ గడ్డి బెడద దాదాపు లేదు. రెడ్‌వుడ్ రాల్చిన ఆకులు మెత్తటి పరుపులా పరుచుకుని ఉంటాయి.

ఆ చల్లదనం ఎక్కడినుంచి వస్తుందో తెలుసా? ఇక్కడ వేసవిలో వాన పడదు. మే నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం చుక్క రాల్చదు. ఆ లోటు పసిఫిక్ మీద నుంచి వచ్చే పొగమంచు తీరుస్తుంది. రెడ్‌వుడ్ ఆకులు ఆ మంచుని పట్టి, చుక్కలు చేసి, తమ వేళ్ళ మీదే తాము చిలకరించుకుంటాయి. ఆగస్టు పొద్దున్నే వెళ్తే ఊళ్ళో వాన లేదు, అడవిలో మాత్రం చెట్టుకింద టప్‌టప్‌మని చినుకులు. బెల్లం ముక్కు మీద ఒకటి పడితే అది నా వంక చూస్తుంది, నేనేదో చేశానని.

దానితో నడక గురించి ఒక హెచ్చరిక. ఫోన్లో అడుగులు లెక్కపెట్టుకునే వాళ్ళు కుక్కని తీసుకెళ్ళకండి. మన లెక్కలో అది నడక, దాని లెక్కలో అది విచారణ. కుక్క ముక్కు పక్కల చీలికలుంటాయి, చూశారా? లోపలికి పీల్చేది ముందు రంధ్రాల్లోంచి, వదిలేది ఆ పక్క చీలికల్లోంచి. అంచేత వదిలిన గాలి వచ్చే వాసనని చెరపదు; ఒకే ఆకు మీద అది ఆపకుండా నిమిషాలకొద్దీ ముక్కు పెట్టి ఉండగలదు. నేను మొదట్లో "పద పద" అని లాగేదాన్ని. ఇప్పుడు మానేశాను. అది ఆగినచోట నేనూ ఆగుతాను. అలా ఆగబట్టే కుళ్ళిన దుంగ మీద పసుపుపచ్చగా మెరిసే బనానా స్లగ్‌ని, చిప్ప లేని నత్త, వేలంత పొడవు, చూశాను. కాలిఫోర్నియా బే చెట్టునీ అలాగే పోల్చుకున్నాను. ఆకు నలిపితే బిర్యానీ ఆకు ఘాటే, పదింతలుగా. తెచ్చి పులావులో వేద్దామని అనుకునేవాళ్ళకి చెప్తున్నాను, ఇది వేరే చెట్టు, ఘాటు తలకెక్కుతుంది, గట్టిగా పీలిస్తే తలనొప్పి వస్తుంది. పార్కులోంచి ఆకు కొమ్మ తేకూడదన్నది వేరే సంగతి.

ఇక వాగు. అసలు కథ ఇక్కడుంది.

1855లో విలియం గిబ్బన్స్ అనే ఆయన, కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో పనిచేసినవాడు, శాన్ లియాండ్రో క్రీక్‌లో దొరికిన ఓ చేపని పరీక్షించి శాస్త్రానికి పరిచయం చేశాడు. మా రెడ్‌వుడ్ క్రీక్ దాని పాయే. ఒంటి పక్కన గులాబీ చార, దాని మీద వెలుగు పడితే రంగులు. ఇంద్రధనుస్సు అర్థం వచ్చేలా లాటిన్లో పేరు పెట్టాడు. అదే రెయిన్‌బో ట్రౌట్. తర్వాత తేలిందేమిటంటే రష్యాలో కమ్‌చట్కా దగ్గరి చేపకి 1792లోనే ఇంకో శాస్త్రీయ నామం ఉంది, రెండూ ఒకటే జాతి. అంచేత పుస్తకాల్లో పాత పేరే నిలబడింది, జనం నోట్లో మాత్రం ఇంద్రధనుస్సే ఉండిపోయింది. ఇవాళ ఆ జాతి చేప లేని ఖండం అంటార్కిటికా ఒక్కటే. మన దక్షిణాదిలో నీలగిరుల్లో, మున్నార్ కొండల్లో కూడా తెల్లవాళ్ళ కాలంలో తెచ్చి వదిలారు. ఇంత లోకప్రసిద్ధమైన చేపకి ఆ పేరు తెచ్చిపెట్టిన నీళ్ళు ఎక్కడివయ్యా అంటే, బెల్లం కాలు పెట్టడానికి ఉవ్విళ్ళూరే ఈ వాగువే.

ఈ చేపలు ఒకప్పుడు సముద్రానికి వెళ్ళి వచ్చేవి. 1875లో కింద షాబో చెరువు ఆనకట్ట, 1920లలో పైన అప్పర్ శాన్ లియాండ్రో రిజర్వాయరు వచ్చాయి. దారి మూసుకుపోయింది. గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు, ఆ పులస గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుతూ వచ్చి ధవళేశ్వరం దగ్గర తల కొట్టుకుంటుంది. ఇక్కడి ట్రౌట్ మాత్రం రాజీపడిపోయింది. రిజర్వాయరునే సముద్రమనుకుని అందులో పెరిగి, శీతాకాలం వానలకి వాగు నిండగానే పైకి ఎగబాకి వస్తుంది. పార్కు గుమ్మం దగ్గర వాటికోసం మెట్లు కట్టారు, చేపల నిచ్చెనంటారు. ఒక గుంటలోంచి పై గుంటలోకి గెంతుతూ ఎక్కుతాయి. ఆడచేప తోకతో గులకరాళ్ళు తొలిచి గూడు చేసి, గుడ్లు పెట్టి, మళ్ళీ రాళ్ళు కప్పేస్తుంది. ఆ రాళ్ళ సందుల్లోంచి శుభ్రమైన నీరు పారుతుంటేనే గుడ్డుకి ఊపిరి. పైన బురద పేరుకుందా, గుడ్డు లోపలే చచ్చిపోతుంది.

ఇప్పుడు ముప్ఫై కిలోల లాబ్రడార్ ఒకటి ఆనందంతో ఆ వాగులోకి దూకిందనుకోండి. గట్టు మట్టి విరిగి నీళ్ళలో పడుతుంది. గులకరాళ్ళు కదిలిపోతాయి. నీళ్ళు కాఫీ రంగుకి తిరుగుతాయి. అది ఒక కుక్క. ఆదివారం ఎన్ని కుక్కలొస్తాయో మీరే ఊహించుకోండి. చలికాలం పోనీ, వేసవిలో అయితే ఏం? వేసవిలో ఇంకా అన్యాయం. వాగు ఎండి అక్కడక్కడా మడుగులు మిగులుతాయి, పిల్లచేపలన్నీ మళ్ళీ వాన దాకా ఆ మడుగుల్లోనే బతకాలి. మోకాల్లోతు నీళ్ళు, పారిపోవడానికి చోటు లేదు.

అందుకనే వాగు వెంబడి కంచెలు కట్టారు, బోర్డులు పెట్టారు: కుక్కకి తాడు ఉండాలి, వాగులోకి దిగకూడదు అని. ఈ పార్కుల సంస్థ కుక్కల విషయంలో నిజానికి చాలా ఉదారం. పైన కొండదారుల్లో చాలాచోట్ల తాడు విప్పేయనిస్తుంది, మన మాట వినే కుక్కయితే చాలు. తాడు వెయ్యమన్నచోట మాత్రం ఆరడుగులకి మించకూడదు.

ఈ తాడు గురించి నాకూ ఒక పెద్దమనిషికీ ఓసారి మాటామాటా అయింది. ఆయన కుక్క, బంగారు రంగు, పట్టుకుచ్చు లాంటి తోక, కంచె కిందనుంచి దూరి మడుగులో ఈదుతోంది. ఆయన గట్టున నిలబడి వీడియో తీస్తున్నాడు. ఒడ్డున బెల్లం తాడు లాగుతూ ఏడుపు. నేను బోర్డు చూపించాను. ఆయన నవ్వుతూ, "మావాడికి నీళ్ళంటే ప్రాణమండీ, చూడండి ఎంత సంతోషంగా ఉన్నాడో" అన్నాడు. నిజమే, చాలా సంతోషంగా ఉంది. "చేపలకీ నీళ్ళంటే ప్రాణమేనండీ" అన్నాను. ఆయన మొహం ముడుచుకుని కుక్కని పిలిచాడు. అది రాలేదు. అయిదు నిమిషాలు పిలిచాడు. మాట వినే కుక్క అంటే ఏమిటో, దానికి తాడు ఎందుకో, నేను వేరే చెప్పనక్కర్లేకపోయింది.

మీరు బెల్లానికి అన్యాయం జరుగుతోందనుకుంటున్నారేమో. దానికి ఈత సరదా తీర్చడానికి వేరే చోట్లున్నాయి, సముద్రపు పాయ పక్కన పాయింట్ ఇసబెల్ అని కుక్కల కోసమే అన్నట్టున్న పార్కుంది. ఈ వాగు చేపలకి మాత్రం వేరే వాగు లేదు.

చెట్ల కథ ఒకటి చెప్పకపోతే అడవి అలుగుతుంది. ఇప్పుడు ఇక్కడ కనిపించే చెట్లు నూట యాభై అడుగుల దాకా పోతాయి, మెడ నొప్పెట్టేలా చూస్తాం. ఇవి పాత చెట్లు కావు, నరికేసిన వాటి మొదళ్ళలోంచి మొలిచిన పిలకలు. పాత వాటి ఎత్తు ఎంతంటే, 1826లో బ్లాసమ్ అనే బ్రిటిష్ ఓడ కెప్టెన్ బీచీ శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో నీటి కింద దాగున్న ఓ బండని గుర్తించాడు. ఆ బండకి ఓడ తగలకుండా ఉండాలంటే, మైళ్ళ దూరంలో ఈ కొండల మీద నిలబడ్డ రెడ్‌వుడ్ చెట్లనీ మధ్యలో ఉన్న ఎర్బా బ్యూనా దీవినీ వరస చూసుకుని నడపాలి. అలా ఏళ్ళ తరబడి ఓడలకి ఈ చెట్లే దారి చూపించాయి. బంగారం వేటలో జనం పడ్డాక ఊళ్ళు లేచాయి, ఊళ్ళకి కలప కావాలి, 1860 వచ్చేసరికి కొండ బోడి. ఆ బండనేమో 1870లో మందు పెట్టి పేల్చేశారు. చెట్లు ముందు పోయాయి, బండ తర్వాత పోయింది. 1906 భూకంపం తర్వాత మిగిలిన మోళ్ళని కూడా వదల్లేదంటారు. అయినా రెడ్‌వుడ్ మొండిది, నరికిన మోడు చుట్టూ గుండ్రంగా పిలకలు లేపుతుంది. తల్లి పోయిన చోట పిల్లలు చుట్టూ నిలబడి ఉంటాయి, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలోకి వెళ్ళి బెల్లం మూడుసార్లు గుండ్రంగా తిరిగి పడుకుంటుంది. నేను వీపు ఆనించి కూర్చుని పులిహోర డబ్బా తెరుస్తాను. తెరిచాక దాని నిద్ర ఎంతసేపో మీకు తెలుసు.

మా మావయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఆర్నెల్లున్నప్పుడు ఆయన్నీ తీసుకెళ్ళాను. ఆయనకి కుక్కంటే పడదని కాదు గానీ, ఇంట్లోకి రానివ్వడమే వింత. మొదటి రోజు బెల్లం దారి పక్కన తన పని కానిస్తే, నేను సంచి తీసి ఎత్తి ముడి వెయ్యడం చూసి ఆయన నిలువునా నిలబడిపోయారు. "ఏమిటమ్మాయీ, ఎంఏ చదివింది ఇందుకా?" అన్నారు. వానొస్తే ఇదంతా వాగులోకే పోతుంది మావయ్యగారూ, చేపలకీ రోగాలే, కింద ఆ రిజర్వాయరు నీళ్ళు తాగేవాళ్ళకీ మంచిది కాదు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ సంచి కట్టి దారి పక్కన వదిలేసి పోతున్నారే కొందరు, వాళ్ళదేం చదువు?" అన్నారు. మంచి ప్రశ్న. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఎత్తకపోతే మట్టిలోనన్నా కలిసేది; ఎత్తి ప్లాస్టిక్కులో కట్టి కొమ్మకి వేలాడదీసి పోయేవాళ్ళ బుద్ధి నాకు అంతుపట్టదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న సంగతి ఒకటుంది. దారి పక్కన మూడేసి ఆకులుగా, నిగనిగలాడుతూ ఒక పొద ఉంటుంది, పాయిజన్ ఓక్ అంటారు. తగిలితే ఒళ్ళు దద్దుర్లెక్కి పొక్కులొస్తాయి. వేసవి చివర ఎర్రబడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది, ముట్టకూడదు. చలికాలం ఆకు రాలి ఉత్త పుల్లలుగా ఉన్నా అంతే ప్రమాదం. కుక్కకి బొచ్చుంది కనక మామూలుగా ఏమీ కాదు. కానీ ఆ చెట్టు నూనె బొచ్చుకి అంటుకుని ఇంటికొస్తుంది. సాయంత్రం ముద్దుచేసిన వాళ్ళకి మర్నాడు దురద. ఇది చెప్తే మావయ్యగారు పొదకి రెండడుగుల దూరంలో వంగి చూసి, "ఇది జీడి లక్షణం లాగుందే" అన్నారు. చిన్నప్పుడు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి రసం చేతికంటి ఆయనకి వాచిపోయిందట. ఆవకాయ రోజుల్లో మామిడికాయ సొన మూతి పక్కన పడితే పుండయ్యేది చూశారు కదా, అదే బాపతు అన్నారు. ఇంటికొచ్చి చూస్తే అక్షరాలా నిజం. మామిడి, జీడిమామిడి, నల్లజీడి, ఈ పాయిజన్ ఓక్, అన్నీ ఒకే కుటుంబం, కాల్చే నూనె కూడా ఒకే తరహాది. అప్పటినుంచి మా ఇంట్లో ఆ పొద పేరు అమెరికా జీడే. అనుమానం ఉన్న రోజు బెల్లానికి చేతులకి తొడుగులేసుకుని సబ్బుతో తలంటు పోస్తాను. అది నన్ను శత్రువులా చూస్తుంది.

పిడుదుల సంగతి క్లుప్తంగా. ఉన్నాయి. లైమ్ జబ్బు మోసేవీ ఉన్నాయి. ఇంటికొచ్చాక చెవుల వెనకా వేళ్ళ సందుల్లో వెతకాలి, డాక్టరిచ్చే మందు నెలనెలా వెయ్యాలి. ఒక్క తమాషా చెప్తాను: ఇక్కడ తొండలాంటి ఓ బల్లి ఉంది, నీలంపొట్టది. పిల్ల పిడుదులు దాని రక్తం తాగితే వాటిలోని లైమ్ క్రిమి చచ్చిపోతుందని బర్కిలీ శాస్త్రవేత్తలు 1990లలో కనిపెట్టారు. చిన్నప్పుడు తొండల్ని రాళ్ళతో కొట్టిన మగపిల్లలందరూ ఇది చదవాలి.

వానాకాలంలో న్యూట్లు వస్తాయి. చూడ్డానికి బల్లి, నిజానికి కప్పకి చుట్టం. పైన గోధుమరంగు, పొట్ట నారింజ. మెల్లగా, దర్జాగా రోడ్డు దాటుతుంటాయి. వాటి ఒంట్లో విషం పఫర్ చేపలో ఉండేదే. కుక్క నోట పట్టిందంటే ప్రాణం మీదికొస్తుంది. అదిగో, ఆరడుగుల తాడుకి ఇంకో కారణం. పక్కనే టిల్డెన్ పార్కులో ఈ న్యూట్లు దాటడానికని ఒక రోడ్డుని నవంబరు నుంచి మార్చి దాకా కార్లకి మూసేస్తారు. అయిదు నెలలు! ఇది విని మావయ్యగారు ఎంతసేపు నవ్వారో.

ఇక అక్షింతల పురుగులు. ఇవి చూడకుండా ఈ అడవి చూశామనకూడదు. రైతులకి తెలుసు, పేనుబంకని తినిపెట్టే ఎర్రటి చుక్కల పురుగు. చలికాలం తిండి తగ్గగానే ఇవి ఎక్కడెక్కడినుంచో ఈ లోయలోకి వస్తాయి. ఒకదాని వాసన పట్టుకుని ఇంకోటి, ఏటా అదే చోటికి. స్ట్రీమ్ ట్రైల్‌లో ప్రిన్స్ రోడ్డు కలిసేచోట, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, దుంగలూ కంచె రాటలూ ఫెర్న్ ఆకులూ అన్నీ ఎర్రగా కదుల్తుంటాయి. ఒంట్లో దాచుకున్న కొవ్వు మీద బతుకుతూ, వెచ్చబడగానే జతకట్టి ఎగిరిపోతాయి. బెల్లం ఓసారి నాలుక చాపింది. ఈ పురుగులకి భయమేస్తే కాలి కీళ్ళలోంచి పచ్చని చేదు రసం వస్తుంది. దాని మొహం ఆ పూట చూడాల్సింది! ఇప్పుడు ఆ చోటు రాగానే నా వెనక నక్కి నడుస్తుంది.

ఇంద్రుడి తరఫున కూడా ఒక మాట చెప్పాలి. మన నల్లమలకి కుక్కని తీసుకెళ్దామని ఈ మధ్య ఊరెళ్ళిన ఒక స్నేహితురాలు అడిగింది. వద్దన్నాను. అది పులుల అడవి; వాళ్ళు రానివ్వరు, రానివ్వకపోవడమే మంచిది. చిరుతకి కుక్కంటే విందు. పైగా కుక్కల నుంచి రోగాలు అడవికెక్కుతాయి. 2018లో గిర్‌లో 20కి పైగా సింహాలు వరసగా చచ్చిపోయినప్పుడు కొన్నిట్లో బయటపడింది కుక్కలకొచ్చే డిస్టెంపర్ వైరసే. కుక్కని ప్రేమించేవాళ్ళు ఒప్పుకోవాల్సిన సంగతి ఇది: మనకి అది బిడ్డే గానీ, అడవికి వేటాడే జంతువు. కొన్ని గుమ్మాల దగ్గర ఆగిపోవాలి, కొన్నిచోట్ల తాడు పొడుగు కొలుచుకోవాలి. తాడు వేసినంత మాత్రాన కుక్క చిన్నబుచ్చుకోదు. చిన్నబుచ్చుకునేది మనమే.

కాఫీ చల్లారిపోయింది, ఉండండి, వేడి చేసి తెస్తాను. ఈలోగా ఒకటి అనుకోండి: మీ ఇంట్లో కుక్కుంటే డిసెంబరులో ఏదో ఒక మామూలు రోజు, ఆదివారం వద్దు, పొద్దున్నే వచ్చెయ్యండి. కుక్కకి తాగడానికి ఇంటి నీళ్ళు, ఓ గిన్నె తెచ్చుకోండి. వాగు నీళ్ళు తాగిస్తే జియార్డియా వచ్చి మీ తివాచీలు పాడవుతాయి. సంచులు రెండు ఎక్కువే పెట్టుకోండి. బొంగరం తాడులా సాగుతూ పోయే లీష్ ఇంట్లో వదిలెయ్యండి, ఇక్కడ పనికిరాదు. ఆరడుగులది మీ దగ్గర లేకపోతే కొనకండి, నా కారు డిక్కీలో ఇంకోటుంది, ఇస్తాను.